వంద తలుపులకి ఒకటే తాళంచెవి

ముందుగా ఒక ఒప్పందం. మనం "తాళాలు ఇలా ఇవ్వు" అంటే అవతలివాళ్లు ఇచ్చేది తాళంచెవి. "తలుపుకి తాళం వెయ్యి" అంటే వేసేది కప్ప. ఒకే మాటని రెండిటికీ వాడేస్తాం, ఎవరికీ ఇబ్బంది ఉండదు. కానీ ఈ వ్యాసంలో అలా వాడితే నేనూ కన్ఫ్యూజ్ అవుతా, మీరూ అవుతారు. అందుకే ఇక్కడ తాళం అంటే తలుపుకి ఉండేది, తాళంచెవి అంటే జేబులో ఉండేది.

విషయం మాస్టర్ కీ. హాస్టల్లో మన గది తాళంచెవి మన గదిని మాత్రమే తెరుస్తుంది. వార్డెన్ మేడమ్ దగ్గర ఉండే తాళంచెవి అన్ని గదుల్నీ తెరుస్తుంది. సీఎస్ఈ చదివే అమ్మాయికి ఈ గోల ఎందుకు అంటారా? సెక్యూరిటీ గురించి చదువుతూ 2003లో వచ్చిన ఒక పేపర్ దగ్గర ఆగిపోయాను. రాసినాయన పేరు మ్యాట్ బ్లేజ్, అప్పట్లో ఏటీ అండ్ టీ ల్యాబ్స్‌లో క్రిప్టోగ్రఫీ పరిశోధకుడు. ఆ పేపర్ కంప్యూటర్ల గురించి కాదు, మామూలు ఇత్తడి తాళాల గురించి. అందులో ఆయన చెప్పింది ఇదీ: మామూలు మాస్టర్ కీ పద్ధతిలో, ఒక్క గది తాళంచెవి ఉన్న ఎవరైనా, వాళ్ల సొంత తలుపు దగ్గరే నిలబడి, మాస్టర్ కీ ఏంటో కనిపెట్టేయొచ్చు. ఏ తాళాన్నీ విప్పక్కర్లేదు, పగలగొట్టక్కర్లేదు.

ఎలా అన్నది అర్థమైతే, దాన్ని ఎలా బాగుచేయాలో కూడా అర్థమవుతుంది. నాకు ఎక్కువ ఇంట్రెస్ట్ ఈ రెండోదాని మీదే.

తాళం లోపల ఏముంది

మన తలుపులకి ఉండే ఎక్కువ తాళాలు పిన్ టంబ్లర్ రకం. ఇప్పుడు మనం వాడే రూపానికి 1860లలో పేటెంట్లు తీసుకున్నది అమెరికాకి చెందిన లైనస్ యేల్ జూనియర్. లోపల తిరిగే ఒక సిలిండర్, దాని చుట్టూ కదలని ఒక తొడుగు ఉంటాయి. రెండిటినీ కలుపుతూ ఐదో ఆరో చిన్న గొట్టాలు. ఒక్కో గొట్టంలో కింద ఒక పిన్ను, పైన ఒక పిన్ను, ఆ పైన స్ప్రింగ్. పై పిన్ను సిలిండర్‌కీ తొడుగుకీ అడ్డంగా ఉన్నంతసేపు సిలిండర్ తిరగదు.

తాళంచెవి మీద ఉండే గాట్లు పిన్నుల్ని లేపుతాయి. ఒక్కో గాటుకి ఒక్కో లోతు. సరైన తాళంచెవి పెడితే, ప్రతి గొట్టంలోనూ రెండు పిన్నులు కలిసే చోటు సరిగ్గా సిలిండర్ అంచుకి వస్తుంది. ఆ అంచుని సరిహద్దు అనుకుందాం. ఐదు గొట్టాల్లోనూ ఒకేసారి సరిహద్దు కుదిరితే సిలిండర్ తిరుగుతుంది. ఒక్క గొట్టంలో కుదరకపోయినా కదలదు.

అంటే తాళంచెవి అనేది నిజానికి ఒక నంబర్. పది రకాల లోతులు, ఐదు గాట్లు ఉంటే అది ఐదంకెల నంబర్. 3-7-2-5-8 అన్నమాట. మొత్తం లక్ష నంబర్లు సాధ్యం. ఊరికే ఒక్కొక్కటీ ప్రయత్నించి తెరవాలంటే ఎవరికీ ఓపిక సరిపోదు.

మరి ఒకే తాళం రెండు తాళంచెవులకి ఎలా తెరుచుకుంటుంది? సింపుల్. రెండు పిన్నుల మధ్య ఒక పల్చటి బిళ్ళ పెడతారు. అప్పుడు ఆ గొట్టంలో కలిసే చోట్లు రెండవుతాయి, బిళ్ళకి కింద ఒకటి, పైన ఒకటి. ఒకటి గది తాళంచెవికి, ఇంకొకటి మాస్టర్‌కి. ఐదు గొట్టాల్లో ఐదు బిళ్ళలు వేస్తే పని అయిపోయింది.

మొత్తం తలనొప్పి ఆ బిళ్ళలతోనే మొదలవుతుంది.

32 తాళంచెవులు

లెక్క చేసి చూద్దాం. 101వ గది తాళంచెవి 3-7-2-5-8 అనుకోండి. మాస్టర్ 5-1-6-3-4 అనుకోండి. ఇప్పుడు 101 తాళంలో మొదటి గొట్టం 3కీ ఒప్పుకుంటుంది, 5కీ ఒప్పుకుంటుంది. రెండోది 7కీ 1కీ. ఇలాగే మిగతావీ. కానీ ఒక గొట్టంలో ఏం జరిగిందో పక్క గొట్టానికి తెలియదు. మొదటి గాటు మాస్టర్‌ది, రెండో గాటు గదిది అయినా తాళానికి అభ్యంతరం లేదు. అంటే ఈ తలుపుని తెరిచే తాళంచెవులు రెండు కాదు, రెండుని ఐదుసార్లు హెచ్చిస్తే వచ్చే 32. అందులో 30 ఎవరూ కావాలని తయారు చేయనివి.

డిజైన్ చేసినవాళ్లు ఇది పట్టించుకోకపోతే ఏమవుతుందో చూడండి. 214వ గదికి 5-7-2-5-8 అనే తాళంచెవి ఇచ్చారనుకోండి. చూడ్డానికి వేరే నంబరే. కానీ మొదటి గాటు 5, అది మాస్టర్ గాటు. మిగతా నాలుగూ 101వి. కాబట్టి 214 అమ్మాయి తాళంచెవి 101 తలుపుని తెరిచేస్తుంది! 101 తాళంచెవి మాత్రం 214ని తెరవదు, ఎందుకంటే 214 మొదటి గొట్టం 5కి మాత్రమే ఒప్పుకుంటుంది. తప్పు ఒకవైపే ఉంటుంది కాబట్టి 101లో ఉండేవాళ్లకి ఎప్పటికీ తెలియదు.

దీనికి విరుగుడు తాళాల వృత్తిలో ఎప్పట్నుంచో ఉంది. ఏ గది తాళంచెవిలోనూ, ఏ స్థానంలోనూ, మాస్టర్ గాటు రాకూడదు. దానితోపాటు గదికీ మాస్టర్‌కీ కనీసం రెండు మెట్ల తేడా ఉండాలి. ఒక్క మెట్టే తేడా ఉంటే బిళ్ళ మరీ పల్చగా ఉండి ఇరుక్కుంటుంది, అరిగిపోయిన తాళంచెవి పక్క గదికి కూడా పట్టేస్తుంది. అందుకని మాస్టర్ అంకె సరి అయితే గదివీ సరి అంకెలే, బేసి అయితే బేసివే వాడతారు. అలా వాడితే ఒక్కో స్థానంలో మిగిలేవి నాలుగు లోతులు. నాలుగుని ఐదుసార్లు హెచ్చిస్తే 1024. లక్ష నుంచి ఒక్కసారిగా వెయ్యికి పడిపోయాం. పక్కపక్క గాట్ల మధ్య మరీ పెద్ద తేడా ఉంటే తాళంచెవి లోపలికి దూరదు, అవి కూడా తీసేస్తే ఇంకా తగ్గుతుంది. మాస్టర్ కీ సౌకర్యానికి కట్టే మొదటి ధర ఇది.

45 ప్రయత్నాలు

ఇప్పుడు బ్లేజ్ గారి దగ్గరికి వద్దాం. రూల్స్ అన్నీ పాటించి చక్కగా చేసిన సిస్టమ్ అనుకుందాం. నా దగ్గర 3-7-2-5-8 ఉంది, అది నా గదిని తెరుస్తుందని తెలుసు. వెనకాల నాలుగు గాట్లు అలాగే ఉంచి, మొదటిది మాత్రం మార్చిన తాళంచెవులు ఒక్కొక్కటీ నా తలుపుకే పెట్టి చూస్తే? మొదటి గాటు 3 కాకుండా ఇంకే లోతుకి తెరుచుకుందో, అదే మాస్టర్ మొదటి గాటు. తొమ్మిది ప్రయత్నాలు చాలు. తర్వాత రెండో గాటు, మూడోది... ఐదు తొమ్మిదులు 45. లక్ష కాదు, 45. రెండు మెట్ల రూల్ తెలిసినవాళ్లకి అందులో సగం కూడా అక్కర్లేదు.

ఇది ఎక్కడో చూసినట్టు ఉంది కదా? పాస్‌వర్డ్ మొత్తం తప్పు అని చెప్పే బదులు "నాలుగో అక్షరం వరకు కరెక్టే" అని చెప్పే లాగిన్ పేజీ లాంటిది. సరిగ్గా అదే జబ్బు. ఐదంకెల రహస్యాన్ని ఒక్కో అంకెగా విడదీసి అడగనిస్తే, హెచ్చవేతలన్నీ కూడికలైపోతాయి.

బ్లేజ్ దీన్ని నిజంగా వాడుకలో ఉన్న సంస్థల తాళాల మీద ప్రయత్నించి చూశారు. పనిచేసింది. పేపర్ బయటికి రాగానే తాళాల వృత్తిలో ఉన్న కొందరికి కోపం వచ్చింది. ఇది మాకు ఎప్పుడో తెలుసు, బయటివాళ్లకి చెప్పకూడదు అన్నారు. ఈ గొడవ కూడా పాతదే. 1851లో లండన్‌లో జరిగిన గ్రేట్ ఎగ్జిబిషన్‌ సమయంలో ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్, అప్పటిదాకా ఎవరూ తెరవలేరని పేరున్న చబ్, బ్రామా తాళాల్ని తెరిచి చూపించినప్పుడు కూడా ఇదే వాదన నడిచింది. నా ఓటు చెప్పేసేవాళ్లకే. దొంగకి వాడి పని ముందే తెలుసు. తెలియనిది ఆ గదిలో నిద్రపోయేవాళ్లకే.

ఇంకొక మాట. ప్రతి తాళంలోనూ మాస్టర్ నంబర్ బిళ్ళల రూపంలో ఉంటుంది. డైరెక్టర్ గారి గదీ స్టోర్ రూమూ ఒకే మాస్టర్ కింద ఉంటే, ఎవరూ చూడని స్టోర్ రూమ్ తాళంలో డైరెక్టర్ గారి తలుపు రహస్యం ఉన్నట్టే. యాప్ ప్రతి కాపీలోనూ సర్వర్ పాస్‌వర్డ్ రాసి జనానికి పంచిపెట్టడం అంటే ఇదే. ఇక ఆ నంబర్ తెలియడానికి తాళం కూడా అక్కర్లేని సందర్భాలున్నాయి. అమెరికా వెళ్లే మన సీనియర్ల సూట్‌కేసులకి టీఎస్ఏ తాళాలు ఉంటాయి కదా, ఎయిర్‌పోర్ట్ వాళ్లు మాస్టర్ కీతో తెరుచుకునేవి. 2014లో ఆ మాస్టర్ కీల ఫొటో ఒకటి వాషింగ్టన్ పోస్ట్‌లో వచ్చింది. 2015కల్లా ఎవరైనా త్రీడీ ప్రింటర్‌లో తీసుకునే ఫైళ్లు నెట్‌లో ఉన్నాయి. నంబర్‌ని ఫొటో తీస్తే నంబర్ పోయినట్టే.

పోయింది తాళంచెవే కదా

ఇదంతా థియరీ అనుకోకండి. నేను ఇంటర్ చదివిన హాస్టల్లో కొత్త బిల్డింగ్‌కి ఇలాంటి తాళాలే వేశారు. ఒక అమ్మాయి తాళంచెవి పోగొట్టుకుంది. ఫైన్ కట్టించుకున్నారు, ఇంకో డూప్లికేట్ చేయించి ఇచ్చారు. తాళం మాత్రం అదే. మార్చండి మేడమ్ అని అడిగితే "పోయింది తాళంచెవే కదమ్మా, తాళం ఉందిగా" అన్నారు. ఆ అమ్మాయి సంవత్సరం అయ్యేదాకా రాత్రిళ్లు ట్రంకు పెట్టె జరిపి తలుపుకి అడ్డం పెట్టుకుని పడుకునేది. మేమందరం నవ్వేవాళ్లం. ఆ పోయిన తాళంచెవి ఎవరికి దొరికిందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆ 45 లెక్క తెలిశాక ఇంకొకటి కూడా తెలుస్తోంది. పోయింది ఒక్క గది తాళంచెవి కాదు, మొత్తం హాస్టల్‌ది.

బాగుచేయడం ఎలా

ఒక హాస్టల్ ఊహించుకుందాం. నాలుగు బ్లాకులు, బ్లాకుకి యాభై గదులు, మొత్తం 200. అదనంగా మెస్ స్టోరు, ఆఫీసు, ల్యాబులు, ఎగ్జామ్ సెక్షన్. అన్నిటికీ ఒకే మాస్టర్. దీన్ని ఎలా మారుస్తాం?

మొదటి పని తాళాల జోలికి వెళ్లకుండా ఒక పట్టిక రాయడం. నిలువునా తలుపులు, అడ్డంగా మనుషులు. ఎవరికి ఏ తలుపు ఎందుకు కావాలి? ఈ "ఎందుకు" దగ్గరే సగం మాస్టర్‌లు ఎగిరిపోతాయి. "ఎమర్జెన్సీకి" అంటారు. కానీ మనిషి లోపల ఉండి గడియ పెట్టుకుంటే మాస్టర్ కీ ఏం చేస్తుంది? ఆ ఎమర్జెన్సీకి కావాల్సింది బయటి నుంచి తీయగలిగే గడియ. మాస్టర్ నిజంగా పనికొచ్చేది గది ఖాళీగా ఉన్నప్పుడూ, ఎవరైనా తాళంచెవి మరిచిపోయినప్పుడూ.

రెండో పని, మాస్టర్‌తో సంబంధం ఉండకూడని తలుపుల్ని బయటికి తీయడం. ఎగ్జామ్ సెక్షన్, సర్వర్ రూమ్, డబ్బు ఉండే చోటు. వీటికి మాస్టర్ కింద లేని విడి తాళాలు. వాటి రెండో తాళంచెవి సీల్ వేసిన కవర్లో, తీసినవాళ్ల సంతకం రిజిస్టర్‌లో. బ్లేజ్ లెక్క ఈ తలుపుల దగ్గర పనిచేయదు, ఎందుకంటే కనిపెట్టడానికి లోపల బిళ్ళే లేదు.

మూడో పని ముక్కలు చేయడం. నాలుగు బ్లాకులకి నాలుగు మాస్టర్‌లు, వాటి పైన ఇంకే పెద్ద మాస్టరూ లేకుండా. తాళంచెవి దూరే కన్నం ఆకారం కూడా బ్లాకుకి ఒకటి పెడితే ఒక బ్లాకు తాళంచెవి ఇంకో బ్లాకు తాళంలోకి అసలు దూరదు. వార్డెన్ మేడమ్ ఒకటి బదులు నాలుగు మోయాలి, అంతే. మా అమ్మమ్మ బొడ్లో దోపుకున్న తాళంచెవుల గుత్తిలో బీరువాది, భోషాణంది, ధాన్యం కొట్టుది, పెరటి తలుపుది అన్నీ విడివిడిగా ఉండేవి. ఏది పోయినా మిగతావి క్షేమం. ఆ గుత్తే ఇక్కడ మంచి డిజైన్. మాస్టర్ పోతే 200 కాదు, 50 తాళాలే మార్చాలి. ఎవరైనా లెక్క కట్టి మాస్టర్ కనిపెట్టినా నష్టం ఆ 50 దగ్గరే ఆగుతుంది.

నాలుగోది నంబర్లు ఇవ్వడం. ఒక్కో మాస్టర్ కింద 1024లోంచి యాభై ఏరుకోవడం పెద్ద కష్టం కాదు. కానీ చేత్తో రాస్తే ఎక్కడో 214 లాంటిది దొర్లుతుంది. నేను పైతాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసి చూశాను, ముప్ఫై లైన్లు కూడా లేదు. ప్రతి తాళానికీ ఒక్కో గొట్టం ఒప్పుకునే అంకెల జాబితా, ప్రతి తాళంచెవికీ ఐదంకెలు. ఒక గది తాళంచెవి ఐదంకెలూ ఇంకో గది జాబితాలో పడితే కేక వేస్తుంది. 200 గదులకి 200×199, అంటే 39,800 జతలు. కంప్యూటర్‌కి రెప్పపాటు పని. తాళాలు ఆర్డర్ చేసేముందు ఇంత చెక్ చేస్తే చాలు.

ఐదోది తాళం రకం. ఇంకో బిళ్ళ ఎక్కువ వేసి దారి తప్పిద్దామా అనిపిస్తుంది. బ్లేజ్ కూడా ఈ మార్గం చర్చించారు. ఐదిట్లో మూడు గొట్టాల్లో ఉత్తుత్తి బిళ్ళ ఒకటి చొప్పున వేస్తే, మాస్టర్ ఏదో ఎనిమిది అనుమానాల్లోంచి తేల్చుకోవాలి. కానీ ఎనిమిది ప్రయత్నించడం ఎంతసేపు? పైగా ఆ తాళం ఇప్పుడు 32 బదులు 108 తాళంచెవులకి తెరుచుకుంటుంది. మందు రోగం కన్నా గొప్పగా ఏం లేదు.

ఇంతకన్నా శుభ్రమైనది మాస్టర్ రింగ్ అనే పాత డిజైన్. సిలిండర్‌కీ తొడుగుకీ మధ్య ఇంకో రింగ్ ఉంటుంది కాబట్టి సరిహద్దులు రెండు. గది తాళంచెవి ఐదు పిన్నుల్నీ లోపలి సరిహద్దుకి తెస్తుంది, మాస్టర్ ఐదిటినీ బయటి సరిహద్దుకి తెస్తుంది. కొన్ని ఇక్కడ, కొన్ని అక్కడ ఉంటే ఏదీ తిరగదు. అంటే ఆ 30 దయ్యం తాళంచెవులూ లేవు, ఒక్కో గాటుగా అడిగే వీలూ లేదు. తయారీ కష్టం, ఖర్చు ఎక్కువ. తాళం విప్పి చూస్తే రహస్యం మాత్రం ఇందులోనూ కనిపిస్తుంది.

అంత ఖర్చు వద్దంటే కనీసం బజార్లో బ్లాంక్ దొరకని రకం కొనాలి. బ్లాంక్ అంటే గాట్లు కొట్టని తాళంచెవి. రోడ్డు పక్కన గొడుగేసుకుని కూర్చునే తాళాల అతని దగ్గర మన బ్లాంక్ దొరికితే, ఆకురాయితో పని అయిపోతుంది. పేటెంట్ ఉన్న బ్లాంక్‌ని వేరే కంపెనీ తయారు చేయకూడదు. కాకపోతే మన దేశంలో పేటెంట్ దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లే. ఇరవై ఏళ్ల కిందటి మోడల్ చవగ్గా వస్తోందంటే కారణం అదే కావచ్చు, అడగాలి.

ఆఖరిది అన్నిటికన్నా చవక. గది తాళంచెవి పోతే ఆ ఒక్క తాళంలో కింది పిన్నులూ బిళ్ళలూ మార్చి కొత్త నంబర్ ఇవ్వడం. తాళం మొత్తం కొనక్కర్లేదు, మాస్టర్ మారదు. పని తెలిసినవాళ్లకి కొద్దిసేపటి పని.

కార్డులు పెట్టేస్తే పోదా?

ఈ వ్యాసం ఫ్రెండ్స్‌కి చూపిస్తే అందరూ అడిగిన ప్రశ్న ఇదే. కార్డు తాళాల్లో నిజంగా ఒక పెద్ద లాభం ఉంది. పోయిన కార్డుని లిస్టులోంచి తీసేయొచ్చు, తాళం ముట్టుకోకుండా. కానీ 2018లో ఎఫ్-సెక్యూర్‌కి చెందిన ఇద్దరు పరిశోధకులు ఏం చూపించారో తెలుసా? ప్రపంచమంతా హోటళ్లలో వాడే వింగ్‌కార్డ్ విజన్ తాళాల్లో, ఏదో ఒక గది కార్డు, గడువు అయిపోయినదైనా సరే, చేతికి వస్తే మొత్తం హోటల్‌కి మాస్టర్ తయారు చేయొచ్చని. ముందు కంపెనీకి చెప్పారు, వాళ్లు సాఫ్ట్‌వేర్ సరిచేశాకే బయట పెట్టారు. 2003లో ఇత్తడితో జరిగిందే పదిహేనేళ్ల తర్వాత చిప్‌తో జరిగింది. చిన్న అనుమతి ఉన్నవాళ్ల చేతిలో పెద్ద అనుమతి ముక్కలు పెట్టకూడదన్నది మెటీరియల్‌తో మారే రూల్ కాదు.

అందుకని కొత్త హాస్టల్‌కో, పీజీకో, రేపు ఉద్యోగం వచ్చాక ఫ్లాట్‌కో వెళ్తే నాలుగు ప్రశ్నలు అడగండి. మాస్టర్ ఉందా? ఉంటే అది ఎన్ని తలుపుల్ని తెరుస్తుంది? అది ఎవరెవరి దగ్గర ఉంది, రిజిస్టర్‌లో రాస్తారా? గది తాళంచెవి పోతే తాళంలో నంబర్ మారుస్తారా? నాలుగో ప్రశ్నకి "మారుస్తాం, ఇంత అవుతుంది" అని వెంటనే చెప్పారంటే మిగతా మూడూ ఎవరో ముందే ఆలోచించి ఉంటారు. "పోయింది తాళంచెవే కదా" అన్నారంటే, లోపల పెట్టుకోవడానికి గట్టి గడియ ఉందో లేదో చూసుకోండి.